97% లెడ్ పోయిందంటే నిజంగా వేరుశనగ తొక్కే పట్టిందా?

ప్రశ్న:
నీళ్లలోని లెడ్ (సీసం)ను తొక్క పట్టేస్తుందేమో చూసే ప్రాజెక్టు మాది. వేరుశనగ తొక్కలు కడిగి, ఎండబెట్టి, మిక్సీ పట్టి జల్లించాం. పొడి 1 గ్రాము, లీటరుకు 50 మి.గ్రా. లెడ్ ఉన్న ద్రావణం 100 మి.లీ., షేకర్ మీద 2 గంటలు. బోరు నీళ్లతో చేస్తే (పీహెచ్, అంటే ఆమ్ల-క్షార కొలత, 7.8) 97% పోయింది. డిస్టిల్డ్ వాటర్‌తో పీహెచ్ 2.5 దగ్గర 20% కూడా పోలేదు. పైగా నీళ్లు టీ డికాషన్‌లా మారుతున్నాయి. ఏది నమ్మాలి?

జవాబు 1:
రెండూ వద్దండి. బోరు నీళ్లలో బైకార్బొనేట్ ఉంటుంది. ఆ పీహెచ్‌లో లెడ్ కార్బొనేట్‌గా మారి కరగని పొడిలా విడిపోతుంది, ఫిల్టర్ పేపర్ దాన్ని ఆపుతుంది, పేరు మాత్రం తొక్కకొస్తుంది. 2.5 దగ్గరేమో హైడ్రోజన్ అయాన్లే తొక్క మీద చోటంతా ఆక్రమిస్తాయి.

పీహెచ్ 5 దగ్గర చేయండి. లెడ్ నైట్రేట్ 1.6 గ్రాములు లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగిస్తే లీటరుకు 1000 మి.గ్రా. లెడ్ ఉన్న స్టాకు (చిక్కటి మూల ద్రావణం). దాన్ని 20 రెట్లు పలచన చేయండి. తొక్క పొడి పడ్డాక పీహెచ్ మారుతుంది, మధ్యమధ్య చూసి పలచటి నైట్రిక్ యాసిడ్‌తోగానీ సోడియం హైడ్రాక్సైడ్‌తోగానీ చుక్కచుక్కగా సరిచేయాలి. సల్ఫ్యూరిక్ ముట్టుకోవద్దు, లెడ్ సల్ఫేట్ దిగిపోతుంది.

పొడి వేయని ఫ్లాస్కు ఒకటి ప్రతిసారీ పక్కన నడవాలి, అదే ఫిల్టర్ పేపర్‌తో సహా. అందులో తగ్గినది తొక్క ఖాతాలోకి రాదు.

జవాబు 2:
ఆ టీ డికాషన్ రంగు టానిన్లది, అంటే తొక్కలోంచి దిగే వగరు పదార్థాలది. పొడిని వేడి నీళ్లలో నానబెట్టి వంపేస్తూ, నీరు తేటగా వచ్చేదాకా కడిగి, ఓవెన్‌లో ఆరబెట్టండి. లెడ్ కొలవడానికి తీసిన శాంపిల్‌ని ముందు వడకట్టి, తర్వాతే యాసిడ్ కలపాలి. ఈ వరుస తారుమారైతే పొడి పట్టిన లెడ్ మళ్లీ నీళ్లలోకే వస్తుంది. చాలా ప్రాజెక్టులు ఇక్కడే చెడతాయి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. ఇదే పొడితో ఇంటి ఫిల్టర్ చేయొచ్చని రిపోర్టులో రాయొచ్చా?

జవాబు 1:
రాయకండి. 50లో 97% పోయినా 1.5 మిగిలింది. తాగునీటికి మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పరిమితి లీటరుకు 0.01 మి.గ్రా., అంటే ఇంకా 150 రెట్లు ఎక్కువే.

జవాబు 2:
లెడ్ బదులు క్రోమియం ఆరుతో (క్రోమియం లోహపు ఒక రూపం) చేద్దామనుకుంటే లెక్క తలకిందులు: అది రుణావేశంతో ఉంటుంది కాబట్టి పీహెచ్ 2 దగ్గరే బాగా పోతుంది. కానీ అందులో కొంత తొక్క తాకిడికి క్రోమియం మూడుగా (ఇంకో రూపంగా) మారి నీళ్లలోనే ఉండిపోతుంది. మొత్తం క్రోమియం కూడా కొలవండి. వాడేసిన పొడి సింకులోకో పెంటకుప్ప మీదకో పోకూడదు, లేబులు అంటించిన డబ్బాలో ప్రమాదకర వ్యర్థాల కింద పంపాలి.