సమస్య: "గోడ నోరు విప్పి గుట్టు చెప్పె"

నిర్వహణ: ఈసారి పూరించడానికి ఇస్తున్నది ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు రాయాలి. సందర్భం కూడా చెబుతున్నాను: నిదానంగా నడిచే గోతిక్ హారర్ సినిమా (పాత కోటలు, మేడలు, పాత పాపాల చుట్టూ తిరిగే భయం కథ), పాత మేడ, ఒక కుటుంబం మూడు తరాలుగా కప్పిపుచ్చుకుంటూ వచ్చిన తప్పు. గోడలకు చెవులుంటాయని అందరం అంటాం, నోరెలా వచ్చిందో మాత్రం మీరు మూడు పాదాల్లో ఒప్పించాలి. గణాలంటే గురు లఘువుల చిన్న గుంపులు, సూర్యగణాలు పొట్టివి, ఇంద్రగణాలు కాస్త పొడుగువి. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వని కలవాలి, ప్రాసయతి (వాటి పక్కనున్న రెండో అక్షరాలు కలవడం) అయినా సరే. ఒక్క మనవి, దయ్యాన్ని మొదటి పాదంలోనే దింపెయ్యకండి. ఇలాంటి సినిమాల్లో టెన్షన్ అంతా కనబడనిదాని మీదే నిలబడుతుంది.

పద్యప్రియ:
సున్నమూడి రాలి చోటొక్క టగుపించె
పాప గాజులచట భద్రముగను
తాత దాచినట్టి తప్పెల్ల వెలికిరా
గోడ నోరు విప్పి గుట్టు చెప్పె

నిశాచరి: పద్యప్రియ గారూ, గాజుల దగ్గర ఒళ్ళు జలదరించింది. పగిలిపోకుండా, ఎవరో జాగ్రత్తగా సర్ది పెట్టినట్టు "భద్రముగను" ఉండటమే భయం, ఎందుకంటే దాచినవాడికి ఆ పాప మీద ప్రేమ కూడా ఉండేదేమో అనిపిస్తుంది. కానీ మూడో పాదం కథంతా విప్పి చెప్పేసింది, ఇక గోడ చెప్పడానికేం మిగిలింది? "తాత చూపు నేల తాకి నిలిచినంత" అంటే ఎలా ఉంటుంది? గణాలు సరిపోతాయి, తా–తా యతి. కెమెరా ఆ ముసలాయన ముఖం మీద కాసేపు ఆగినట్టుంటుంది, తప్పు అన్న మాటే అక్కర్లేదు.

పద్యప్రియ: చాలా బాగుంది, అలాగే మారుస్తున్నాను.

చిత్రకారుడు:
చెమ్మ పట్టి పట్టి చిత్రపటము జారె
వెనక నొక్క తలుపు వేసియుండె
గడియ తీయుకొలది కన్నీటి వాసన
గోడ నోరు విప్పి గుట్టు చెప్పె

నిర్వహణ: తలుపునే గోడకు నోరు చేశారు, సమస్యలోని అసంబద్ధత పూర్తిగా తొలగిపోయింది. "పట్టి పట్టి" అనడంలో ఏళ్ళు గడిచిన సంగతి, కథ నడక రెండూ వచ్చేశాయి. కన్నీటి వాసన మాత్రం నాకు నచ్చలేదు, అది కవిత్వంలోనే ఉండే వాసన. ముక్కుకు తగిలేదేదైనా కావాలి. "గడియ తీయుకొలది కాలిన వాసన" అనండి, గ–కా యతి కుదురుతుంది, ఏం కాలిందో చూసేవాళ్ళే ఊహించుకుంటారు.

నిశాచరి: పటం జారడం ఈ కథల మూలం దాకా తీసుకెళ్ళింది. 1764లో వచ్చిన ఇంగ్లీషు రచయిత హొరేస్ వాల్‌పోల్ నవల "ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో", గోతిక్ కథలన్నిటికీ మొదటిదని చెప్పుకునేది, అందులో తాత చిత్రపటం నిట్టూర్చి చట్రంలోంచి దిగి నడిచిపోతుంది. ఆ తాత అసలు యజమానికి విషం పెట్టి కోట కాజేశాడన్నది చివరికి బయటపడుతుంది. మీ పద్యంలో పటం నడవలేదు, చెమ్మకి జారిందంతే, నాకిదే ఎక్కువ భయం పుట్టించింది.

నీలవేణి: నేను గోడని ఇంకోలా తీసుకున్నాను, చూడండి.
తలుపు చాటునుండి తలవంచి బతికిన
మేనయత్త కంట మెదలె నీరు
అమ్మ నాన్న నడుమ నన్నేళ్లు తానడ్డు
గోడ నోరు విప్పి గుట్టు చెప్పె

నిర్వహణ: అబ్బ! మూడో పాదం చివర "అడ్డు" పెట్టి గోడని మనిషిగా మార్చేశారు, నీలవేణి గారూ. సినిమా మొదటినుంచీ వెనక నిలబడి, కప్పులు సర్దుతూ, ఒక్క మాటా మాట్లాడని మనిషి చివర్లో నోరు తెరవడం, ఆ కుటుంబానికి ఏ దయ్యమూ చెయ్యలేని పని అది. ఈసారి పూరణల్లో నాకు అన్నిటికంటే ఇదే నచ్చింది.

పద్యప్రియ: పద్యం గొప్పగా ఉంది కానీ "నీరు" తర్వాత పాదం అచ్చుతో మొదలైంది, ఉత్వ సంధి నిత్యం కదా, కలపకుండా వదిలేస్తే విసంధి దోషం అవుతుంది.

నీలవేణి: నిజమే. "తల్లిదండ్రి నడుమ తానేండ్లుగా నడ్డు" అంటే ఆ ఇబ్బంది పోతుంది, త–తా యతి కూడా ఉంది.

నిశాచరి: వ్యాకరణానికి ఇది బాగుంది, కానీ నా ఓటు మొదటిదానికే. "అమ్మ నాన్న" అన్నప్పుడు కథ చెబుతున్నది ఆ ఇంటి బిడ్డ అని తెలుస్తోంది, "తల్లిదండ్రి" అనగానే ఆ గొంతు పోయింది.

నిర్వహణ: నీరు దగ్గర వాక్యం పూర్తయింది కాబట్టి అక్కడ విసంధిని చాలామంది ఒప్పుకుంటారు. నీలవేణి గారూ, మొదటి పాఠమే ఉంచండి.