కొవొరొ కొవొరొ: ఈ చప్పుడును తెలుగులోకి ఎలా తేవాలి?

నిన్న ఇక్కడ పెట్టిన జపాన్ సృష్టి కథ అనువాదంలో "ఈటెతో సముద్రాన్ని చిలికారు, నీరు గట్టిపడింది" అని ఉంది. కథ ఎక్కడా తప్పలేదు. కానీ మూలంలో సరిగ్గా అక్కడ ఒక చప్పుడు ఉంది, అది మనకు వినపడలేదు.

712లో పూర్తయిన జపాన్ పురాతన గ్రంథం కొజికిలోది ఈ ఘట్టం. నేల అప్పటికింకా నీళ్ల మీద నూనెలా తేలుతూ, జెల్లీ చేపలా అటూ ఇటూ కొట్టుకుపోతూ ఉంది. ఇజనగి, ఇజనమి అనే దేవతల జంట ఆకాశంలో తేలే వంతెన మీద నిలబడి, మణుల ఈటెను కిందికి దింపి కలియబెడతారు. ఉప్పునీరు "కొవొరొ కొవొరొ" అంటుంది. ఈటె పైకి తీస్తే మొన నుంచి కారిన ఉప్పు పేరుకుని ఒక దీవి అవుతుంది. అదే ఒనొగొరొ, అంటే తనంతట తాను పేరుకున్నది.

నన్ను పట్టుకున్నది "కొవొరొ కొవొరొ" అనే మాటను రాసిన తీరు. అప్పటికి జపాన్‌వాళ్లకు సొంత లిపి లేదు, చైనా అక్షరాలే దిక్కు. అర్థాన్ని బట్టి రాస్తే మాట మనసుకు అందదు, శబ్దాన్ని బట్టి రాస్తే చాంతాడంత అవుతుంది అని కూర్చినవాడు ఓ నో యసుమరో ముందుమాటలోనే చెప్పుకున్నాడు. అందుకే చాలాచోట్ల అర్థంతో సరిపెట్టాడు. ఇక్కడ మాత్రం ఒప్పుకోలేదు. శబ్దం కోసమే ఏడు అక్షరాలు వాడి, "ఈ ఏడూ శబ్దంగా చదవాలి" అని పక్కనే రాశాడు. ఆ ఏడోది "ని". మనం "గలగలా" అని చివర దీర్ఘం తీస్తామే, ఆ పని చేసేది. ఇదే కథ చెప్పే మరో పాత గ్రంథం, 720 నాటి నిహొన్ షొకి, ప్రధాన కథనంలో ఈటెతో కింద తడుముతారు, సముద్రం తగులుతుంది, అంతే. ఈ చప్పుడు లేదు.

ఇదే మాట కొజికిలో చాలా తర్వాత మళ్లీ వస్తుంది. యూర్యకు చక్రవర్తి విందులో మియె నుంచి వచ్చిన పరిచారిక గిన్నె అందిస్తుంది. చెట్టు ఆకు ఒకటి అందులో రాలింది, ఆమె చూసుకోలేదు. చక్రవర్తి ఆమెను కిందపడేసి మెడ మీద కత్తి పెడతాడు. ఆమె పాట అందుకుంటుంది: రాలిన ఆకు తేలే నూనెలా పడి, నీళ్లు కొవొరొ కొవొరొ అన్నాయని. గిన్నెలో పడ్డ ఆకును లోకం పుట్టిన క్షణంతో కలిపేసింది! ప్రాణం దక్కింది. మొదటిచోట "గట్టిపడింది" అని సరిపెడితే ఈ పాట తెలుగులో చచ్చిపోతుంది. 1882లో కొజికిని ఇంగ్లీషు చేసిన చాంబర్లిన్ కూడా "పేరుకు పేరుకు" అన్నట్టు జంటమాటే వాడాడు.

"చిలికారు" కూడా నాకు నచ్చలేదు. ఆ మాట వినగానే మందరం, వాసుకి వచ్చేస్తాయి. ఇక్కడ తాడు లేదు, అటూ ఇటూ లాగేవాళ్లు లేరు. నా వాక్యం ఇది: "ఉప్పునీటిని కొవొరొకొవొరోమని కలియబెట్టి ఈటెను పైకి తీశారు."

ఒకరి జవాబు: అలాగే ఉంచేస్తే ఎవరికి అర్థమవుతుందండీ? గలగల అనో కుతకుత అనో అంటే పోలా? దీవికి "తోడుకున్న దీవి" అన్నా బాగుంటుంది.

నా జవాబు: గలగల పారే నీళ్లదండీ, ఇక్కడ నీరు చిక్కబడుతోంది. కుతకుతకు కింద మంట కావాలి. రాగి జావ కలియబెట్టేటప్పుడు వినండి. మొదట గరిటె తేలిగ్గా తిరుగుతుంది, కాసేపటికి బరువెక్కి చప్పుడు లోతుకు పోతుంది. కొవొరొలో నాకు వినిపించేది ఆ మార్పే, దానికి మన అనుకరణ పదాల్లో సరిజోడు దొరకలేదు. గలగలకు అర్థం మాత్రం మనకెవరు చెప్పారు, వినగా వినగా వచ్చిందే కదా. ఇక "తోడుకున్న" అందమైన మాటే, కానీ పాలు తోడుకోవాలంటే ఎవరో తోడు వెయ్యాలి. ఒనొగొరొ తనంతట తానే అయింది. అందుకే "పేరుకున్న" అన్నాను.