జబల్ అఖ్దర్ గులాబీ తోటలు: కోతల రోజుల్లో పెద్దవాళ్లను తీసుకువెళ్లడం ఎలా?

ప్రశ్న (రూవి నివాసి):
మా అమ్మానాన్నలు ఏప్రిల్ రెండో వారంలో గుంటూరు నుంచి మస్కట్ వస్తున్నారు. ఒమాన్‌లోని జబల్ అఖ్దర్ కొండ మీద గులాబీలు కోసి పన్నీరు తీసే కాలం అదేనని విన్నాను కనుక, వారికి ఆ తోటలు చూపించాలని ఉంది. నాన్నగారికి మోకాళ్ల నొప్పులున్నాయి. అమ్మకేమో పన్నీరు దిగడం కళ్లారా చూడాలని కోరిక. మా దగ్గరున్నది మామూలు చిన్న కారు. తెల్లవారి బయలుదేరి సాయంత్రానికి తిరిగి వస్తే సరిపోతుందా, లేక రాత్రి పైనే బస చేయాలా? తోటల్లో ఎవరినైనా అనుమతి అడగాలా?

సమాధానం (నిజ్వా మాస్టారు):
ముందు కారు సంగతి. కొండ కింది ఊరు బిర్కత్ అల్ మౌజ్ దాటగానే ఉన్న పోలీసు తనిఖీ కేంద్రం దగ్గర ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలను తప్ప వేటినీ పైకి పంపరు. పైదాకా తారు రోడ్డే అయినా ఎత్తు, మలుపులు అలాంటివి. కాబట్టి పెద్ద బండి అద్దెకు తీసుకోండి, లేదా కింద ఊళ్లో డ్రైవరుతో సహా బండి మాట్లాడుకోండి. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు ఉంచకుండా తక్కువ గేరులో రావాలి.

రెండోది, రాత్రి పైన ఉండి తీరాలనే నేను చెబుతాను. ఎండెక్కితే పూలలోని పరిమళ తైలం ఆవిరైపోతుందని రైతులు తెల్లవారుజామునే కోత మొదలుపెట్టి, ఎండ ముదరక ముందే ముగిస్తారు. మస్కట్ నుంచి తెల్లవారాక బయలుదేరిన వారు చేరేసరికి కొమ్మలకు ఆకులు, ముళ్లు, రేపటి మొగ్గలు మాత్రమే మిగులుతాయి. మార్చి చివర మొదలై మే మధ్య వరకు సాగే కాలంలో ఏప్రిలే నిండు నెల కనుక మీరు ఎంచుకున్న వారం మంచిదే. శుక్ర, శనివారాల్లో మాత్రం రద్దీ ఎక్కువ. కొండ మీది సైఖ్ పీఠభూమి సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉంటుంది, పెద్దవాళ్లకు శాలువాలు మరవకండి.

సమాధానం (పాత మస్కట్‌వాసి):
మాస్టారు చెప్పిన దానితో నాకు సగమే ఏకీభావం. మోకాళ్ల నొప్పులున్న వారిని చీకటితో లేపి అల్ అక్ర్, అల్ ఐన్, షురైజా గ్రామాల మధ్య ఉన్న మెట్ల దారుల్లో నడిపించడం న్యాయం కాదు. కొండవాలున మెట్లు మెట్లుగా కట్టిన మడుల్లో, ఫలజ్ కాలువల నీటితో, దానిమ్మ చెట్ల నడుమ ఈ గులాబీ పొదలు పెరుగుతాయి. కడియం నర్సరీల్లోలా బారులు తీరిన పెద్ద పూలను ఊహించుకుని వస్తే నిరాశ తప్పదు. ఇక్కడివి లేత గులాబీ రంగులో ఉండే చిన్న పూలు, ఏడాదికి ఒక్క కాపు. నాన్నగారు ఊరి అంచున బండి దగ్గరే కూర్చున్నా ఆ మడులన్నీ ఎదురుగా కనబడతాయి.

మీ అమ్మగారి కోరిక తీరేది బట్టీ ఇంట్లో. మట్టితో కట్టిన పొయ్యి మీది కుండలో పూరేకులు నింపి, వాటిపైన చిన్న రాగి గిన్నె ఉంచి, కుండ మూతిపై చల్లటి నీళ్లు పోసిన మరో పాత్ర పెడతారు. లేచిన ఆవిరి ఆ పాత్ర అడుగుకు తగిలి చల్లబడి, చుక్కచుక్కగా గిన్నెలోకి దిగుతుంది. పైనీళ్లు వేడెక్కినప్పుడల్లా మారుస్తూ ఉండాలి, పనితనమంతా అక్కడే. ఇలా దిగిన పన్నీరు గోధుమ రంగులో, పొగవాసనతో ఉంటుంది. పెళ్లిళ్లలో బుడ్డితో చల్లే పన్నీరు అలవాటైన వారికి ఇది కల్తీ అనిపించవచ్చు కానీ, ఒమానీలు కహ్వాలో (అరబ్బీ కాఫీలో), హల్వాలో కోరి వేసుకునేది దీన్నే. ఇప్పుడు చాలామంది గ్యాస్ పొయ్యిలకు, స్టీలు పరికరాలకు మారారు. వాటిలో తెల్లగా, తేటగా దిగుతుంది. కనుక మట్టి పొయ్యి ఎవరి ఇంట్లో వెలుగుతోందో ముందే వాకబు చేయండి.

అనుమతి తప్పక అడగండి. అవి ఉద్యానవనాలు కావు, ఒక్కొక్క మడికీ యజమాని ఉన్నాడు. ఫొటో కోసమని ఒక్క పువ్వు కూడా తుంచకూడదు. కోస్తున్న ఆడవారిని అడగకుండా కెమెరా ఎత్తకూడదు.

సమాధానం (తాయిఫ్ నుంచి):
కాలం కుదరకపోతే సౌదీలోని తాయిఫ్ గులాబీలను కూడా ఆలోచించండి. అక్కడ కోత మార్చి, ఏప్రిల్ నెలల్లోనే. తోటలు పెద్దవి, పన్నీరుతో పాటు అత్తరూ తీస్తారు; ఆ సంప్రదాయాన్ని 2024లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. అయితే మస్కట్‌లో ఉన్నవారికి ఇంటిపక్కన ఉన్నది జబల్ అఖ్దరే.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. రాత్రి పైనే ఉంటాము. ఉదయం అమ్మా నేనూ మడుల్లోకి వెళతాము, నాన్నగారు బట్టీ దగ్గర కలుస్తారు. కొండ మీద లోయను చూసే చోటైన డయానా పాయింట్ కూడా చూడాలా? పన్నీరు సీసాలు గుంటూరుకు తీసుకువెళ్లవచ్చా?

సమాధానం (పాత మస్కట్‌వాసి):
ఆ చోటు ఎవరి పేరున ఉందో ఆ యువరాణి డయానా ఒమాన్ వచ్చింది 1986 నవంబరులో, అంటే గులాబీలు లేని కాలంలో. లోయ అందంగానే ఉంటుంది కానీ దానికోసం కోతవేళను వదులుకోకండి, సాయంత్రం వెళ్లండి. సీసాలను చేతిసంచిలో పెడితే 100 మిల్లీలీటర్లు దాటినవాటిని విమానాశ్రయంలో ఆపేస్తారు. మూతలకు టేపు చుట్టి, బట్టల మధ్య పెట్టి, చెకిన్ పెట్టెలో వేయండి.