కుర్రాళ్లు ఫుట్‌బాల్ మ్యాచ్ పూర్తిగా చూడట్లేదు: తప్పు ఎవరిది?

లెఫ్ట్‌బ్యాక్:
2021 ఏప్రిల్‌లో యూరప్‌లోని 12 పెద్ద క్లబ్బులు తమకంటూ విడిగా సూపర్ లీగ్ పెడతామని ప్రకటించి, అభిమానులు రోడ్డెక్కేసరికి వాటిలో తొమ్మిది మూడు రోజుల్లో మూట సర్దుకున్నాయి. అప్పుడు రియల్ మాడ్రిడ్ అధ్యక్షుడు ఫ్లొరెంటీనో పెరెజ్ టీవీలో చెప్పిన సాకు గుర్తుందా? 16 నుంచి 24 ఏళ్ల వాళ్లలో 40 శాతం మందికి ఫుట్‌బాల్ మీద ఆసక్తే లేదట, కావాలంటే ఆట నిడివి తగ్గించాలట. ఆ లీగ్ పోయింది గానీ ఆ మాట మాత్రం పాతుకుపోయింది. ఎవరిని కదిపినా "ఈ తరానికి ఓపిక లేదు" అనేస్తున్నారు.

నేను ఒప్పుకోను. ఓపిక పోవడం కాదు, అలవాటే పడనివ్వలేదు. క్రికెట్‌నే తీసుకోండి. 2005 యాషెస్ ఇంగ్లండ్‌లో ఛానల్ 4లో ఉచితంగా వచ్చింది, దేశమంతా ఊగిపోయింది. మరుసటి ఏడాది నుంచి అక్కడి టెస్టులు డబ్బు కట్టి చూడాల్సిన స్కైకి వెళ్లిపోయాయి. ఫుట్‌బాల్ ఆ దారి 1992లోనే పట్టింది. ఇంగ్లండ్ టాప్ లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ మొదటి టీవీ ఒప్పందం ఐదేళ్లకి 30.4 కోట్ల పౌండ్లు. 2025లో మొదలైనది నాలుగేళ్లకి 670 కోట్లు. అదంతా చివరికి ఎవరి జేబులోంచి వస్తుంది? ఇంట్లో నాన్న నెలనెలా బిల్లు కట్టకపోతే పిల్లాడికి దక్కేది యూట్యూబ్‌లో మూడు నిమిషాల ముక్కే. ఆ ముక్కలు చూసి పెరిగినవాణ్ణి తొంభై నిమిషాలు ఎందుకు కూర్చోవట్లేదని నిలదీస్తున్నాం.

బర్మింగ్‌హామ్ బాబాయ్:
ఇక్కడి తమాషా ఇంకోటి చెప్తాను. శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 దాకా బ్రిటన్‌లో ఫుట్‌బాల్ ప్రత్యక్ష ప్రసారం ఉండదు. 1960ల నాటి నిబంధన. టీవీలో వస్తే చిన్న క్లబ్బుల గ్రౌండ్లు ఖాళీ అవుతాయని భయం. ఆస్టన్ విల్లా క్లబ్ గ్రౌండ్ విల్లా పార్క్ మా ఇంటి నుంచి ఒక్క బస్సు దూరం. అక్కడ 3 గంటలకి జరిగే మ్యాచ్ మా టీవీలో రాదు. గుంటూరులో మా అన్నయ్య కొడుకు మాత్రం రాత్రి ఏడున్నరకి సోఫాలో కాళ్లు చాపుకుని చూస్తూ "బాబాయ్, గోల్!" అని నాకు వాట్సాప్ చేస్తాడు.

పోనీ గ్రౌండ్‌కే వెళ్దామంటే, 2024లో విల్లా యూరప్ అగ్ర క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగ్‌కి వచ్చినప్పుడు సీజన్ టికెట్ లేనివాళ్లకి పెట్టిన ధర 70 నుంచి 97 పౌండ్లు. జర్మనీ క్లబ్ బయెర్న్‌ని 1-0తో ఓడించిన రాత్రి గ్రౌండ్ నిండింది. రేపూ నిండుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. సీట్లు నిండుతున్నంత కాలం ఏ క్లబ్బుకీ కాలేజీ కుర్రాడితో పనిలేదు. స్టాండ్‌లో నా చుట్టూ ఉన్న తలలన్నీ నాలాగే నెరిసినవి, లేదంటే బట్టతలలు.

బెంచ్ బాయ్:
పెద్దలందరూ మా గురించి బాగానే తేల్చేశారు, మమ్మల్ని ఒక్క మాట అడక్కుండా. నాకు 19 ఏళ్లు. మ్యాచ్ పూర్తిగా చూడను, నిజమే. డబ్బూ ఒక కారణమే: ప్రీమియర్ లీగ్‌కి జియోహాట్‌స్టార్, ఛాంపియన్స్ లీగ్‌కి సోనీ లివ్, స్పెయిన్ లీగ్ లా లిగాకి ఫ్యాన్‌కోడ్. కానీ అంతకంటే పెద్ద కారణం, చాలా మ్యాచ్‌లకి అర్థం లేకపోవడం. 2024లో ఛాంపియన్స్ లీగ్ పద్ధతి మార్చారు కదా. 36 టీమ్‌లు, లీగ్ దశలోనే 144 మ్యాచ్‌లు, అందులో 24 టీమ్‌లు ముందుకెళ్తాయి. అంటే సెప్టెంబర్ నుంచి జనవరి దాకా ఆడేది 12 టీమ్‌లని ఇంటికి పంపడానికి! దానికోసం నేను రాత్రి ఒకటిన్నరకి లేచి, పొద్దున ఇంటర్నల్స్‌కి వెళ్లాలా?

ఆసక్తి లేదంటే మాత్రం ఊరుకోను. ప్రీమియర్ లీగ్ ఫాంటసీ ఆటలో కోటి మందికి పైగా ఉన్నారు, నేనూ ఉన్నాను. ఏ డిఫెండర్‌కి తొడ కండరం పట్టేసిందో శుక్రవారం రాత్రికల్లా నాకు తెలిసిపోతుంది. 2022 వరల్డ్ కప్ ఫైనల్ 3-3 అయి పెనాల్టీలు ముగిసేదాకా ఫోన్ ముట్టుకోలేదు. ఆటలో ప్రాణం ఉంటే మాకూ ఓపిక ఉంటుంది.

గచ్చిబౌలి గేటు:
ధరే అసలు కారణమైతే మా గచ్చిబౌలి స్టేడియం కిటకిటలాడాలి కదా లెఫ్ట్‌బ్యాక్ గారూ? భారత ఫుట్‌బాల్ జట్టుకి 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. ఆ జట్టు ఫార్వర్డ్ తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. అలాంటి ఊరికి 2019లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) టీమ్ వచ్చింది. టికెట్ ధర ఇంగ్లండ్‌తో పోలిస్తే లెక్కలోకే రాదు. అయినా ఒక మూల పసుపు జెండాలు, మిగతా అంతా ఖాళీ కుర్చీలు. మన ఐటీ కుర్రాళ్లు ఆర్సెనల్ జెర్సీ వేసుకుని పబ్‌లో స్క్రీన్ ముందే కూర్చున్నారు. 2025లో టీమే ఢిల్లీకి వెళ్లిపోయింది.

లెఫ్ట్‌బ్యాక్:
గేటు గారూ, మధ్యలో రెండు సీజన్లు వదిలేశారు. కోవిడ్ వల్ల ఆ టీమ్ రెండేళ్లూ గోవాలోనే ఆడింది, 2022లో కప్పు కూడా అక్కడే ఎత్తింది. ఊళ్లో లేని టీమ్‌ని చూసే అలవాటు ఎలా పడుతుందండీ?

జర్మనీ చూడండి. క్లబ్బులో ఓట్ల మెజారిటీ సభ్యులైన అభిమానుల చేతిలోనే ఉండాలని అక్కడ నియమం, దాన్నే 50+1 అంటారు. డార్ట్‌మండ్ క్లబ్ గ్రౌండ్ దక్షిణ స్టాండ్‌లో దాదాపు 25 వేల మంది నిలబడి చూస్తారు. 2024లో లీగ్ ప్రసార ఆదాయంలో వాటాని పెట్టుబడిదారుడికి ఇవ్వబోతే, అభిమానులు వారాల తరబడి గ్రౌండ్‌లోకి టెన్నిస్ బంతులు విసిరి ఆపించారు. ఆసక్తి లేనివాళ్లు చేసే పనేనా అది? ఇక బార్సిలోనా మాజీ డిఫెండర్ పికే పెట్టిన కింగ్స్ లీగ్ చిన్న మ్యాచ్‌లే ఆడిస్తుంది, సరే. కానీ ట్విచ్ అనే లైవ్ వీడియో సైట్‌లో ఉచితం. 2023లో రెండు సెమీస్, ఫైనల్ ఒకే రోజు పెడితే బార్సిలోనా స్టేడియం క్యాంప్ నౌకి 90 వేల మందికి పైగా వచ్చారు. నిడివి సంగతి పెరెజ్ గారే చెప్పాలి.

బెంచ్ బాయ్:
ఆ జర్మనీలోనే 2013 నుంచి 2023 దాకా వరసగా 11 సార్లు లీగ్ బయెర్నే గెలిచింది. నిలబడి చూసినా బోరే కదండీ.

గచ్చిబౌలి గేటు:
బోరే బాబూ, కానీ వాళ్లు రావడం మానలేదు చూడు. నా బాధ వేరు. మన స్కూళ్లలో చాలావాటికి గ్రౌండే లేదు. లీగులూ ప్రసారాలూ పక్కన పెట్టి, శనివారం రాత్రి 11 గంటలకి మాదాపూర్ వైపు అద్దెకిచ్చే ఏ ఫుట్‌బాల్ టర్ఫ్‌లోనైనా స్లాట్ అడిగి చూడండి. తలా ఇంత వేసుకుని ఆడేది ఈ 'ఆసక్తి లేని' కుర్రాళ్లే.