ఐటీ ఖర్చుకు లాభం ఎక్కడ అని బోర్డు అడిగితే ఏం చూపించాలి?

గోదారిగట్టు (ప్రశ్న)

నమస్తే అండీ. సంస్థ వివరాలు ఇవీ: డిపాజిట్లు తీసుకోని ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ సంస్థ), ఆస్తులు సుమారు ₹1,400 కోట్లు, ఆంధ్ర, తెలంగాణల్లో 60కి పైగా బ్రాంచీలు. ఎక్కువగా టూవీలర్ లోన్లు, చిన్న దుకాణాల లోన్లు. ఐటీకి ఏటా ₹9 కోట్ల దాకా అవుతోంది. ఐటీ స్టీరింగ్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చుంటుంది గానీ అక్కడ జరిగేది ప్రాజెక్టుల స్టేటస్ చదవడమే. ఇప్పుడు కొత్త లోన్ ఆరిజినేషన్ సిస్టమ్‌కి (దరఖాస్తు నుంచి మంజూరు దాకా నడిపే సాఫ్ట్‌వేర్) ₹1.6 కోట్లు అడిగితే "పోయినసారి పెట్టినదానికి ఏం వచ్చింది?" అని బోర్డు నిలదీసింది. ఎవరి దగ్గరా జవాబు లేదు.

లాభాన్ని రూపాయల్లో ఎలా లెక్కగట్టాలి? దానికి పూచీ ఎవరిది? కోబిట్ (ఐటీ గవర్నెన్స్‌కు వాడే ఒక ఫ్రేమ్‌వర్క్) మొత్తం అమలు చేయమని ఒక కన్సల్టెంటు సలహా. ఇంత సంస్థకు అది అవసరమా?

పద్దుపుస్తకం

గోదారిగట్టు గారూ, పూచీ దగ్గర మొదలుపెడదాం. సాఫ్ట్‌వేర్ అనుకున్న గడువుకి, అనుకున్న ఖర్చులో నడిచేలా చూడటం ఐటీ హెడ్ పని. దానివల్ల వచ్చే డబ్బు క్రెడిట్ హెడ్ (లోన్ల మంజూరు చూసే అధికారి) పూచీ. రెండింటినీ ఐటీ నెత్తిన పెడితే బోర్డుకు ఎప్పటికీ జవాబు దొరకదు. ఫైళ్లు ఎవరు చూడాలి, కొత్తగా ఎంతమందిని తీసుకోవాలి అన్నవి ఐటీ చేతిలో ఉండవు కదా.

మీ లోన్ సిస్టమ్‌నే తీసుకుందాం. అంకెలు ఊహించినవి, మీవి పెట్టుకోండి. 40 మంది క్రెడిట్ ఆఫీసర్లు, ఒక్కొక్కరు నెలకు 25 ఫైళ్లు, మొత్తం 1,000. సిస్టమ్ వచ్చాక ఒక్కొక్కరు 35 చూడగలరని వెండర్ అంటాడు. "ఉత్పాదకత 40 శాతం పెరుగుతుంది" అని స్లైడ్ వేసి అక్కడితో వదిలేస్తుంటారు. కానీ జీతాల పద్దులో రూపాయి తగ్గదు. ఆ 40 మందీ అక్కడే ఉన్నారు, ఫైళ్లు అదే 1,000.

ఫైళ్లు పెరిగితేనే డబ్బు కనబడుతుంది. నెలకు 1,400 అయితే పాత పద్ధతిలో 56 మంది కావాలి, కొత్తదాంట్లో ఉన్న 40 మందే సరిపోతారు. 16 నియామకాలు తప్పాయి. మనిషికి నెలకు ₹45,000 ఖర్చు అనుకుంటే ఏడాదికి ₹86.4 లక్షలు. ఏఎంసీ (ఏటా కట్టే మెయింటెనెన్స్), క్లౌడ్, సపోర్టు కలిపి ₹28 లక్షలు పోతే మిగిలేది ₹58.4 లక్షలు. ₹1.6 కోట్లు తిరిగి రావడానికి దాదాపు 2 ఏళ్ల 9 నెలలు పడుతుంది. మరి ఫైళ్లు 1,200 దగ్గరే ఆగిపోతే? తప్పేవి 8 నియామకాలే, ₹43.2 లక్షలు. ఖర్చు పోను ₹15.2 లక్షలు. అసలు రావడానికే పదేళ్లు దాటుతుంది, అన్నేళ్లు ఆ సాఫ్ట్‌వేర్ ఉంటుందో లేదో! అదే వెండర్, అదే సిస్టమ్. తేడా అంతా సేల్స్ వాళ్లు తెచ్చే ఫైళ్లలో ఉంది. కాబట్టి కమిటీలో ఫీచర్ల గురించి గంటసేపు మాట్లాడేకన్నా ఆ 1,400 ఎక్కడి నుంచి వస్తాయో అడగండి.

బిజినెస్ కేసులో (డబ్బు ఎందుకు అడుగుతున్నారో చెప్పే నోట్) అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక పేజీ: "వచ్చే రెండేళ్ల నియామకాల ప్లాన్‌లోంచి ఈ 16 పోస్టులు తీసేస్తున్నాను" అని క్రెడిట్ హెడ్ సంతకం. ఫైనాన్స్ ఆ మేరకు బడ్జెట్‌లో అప్పుడే కోత పెట్టాలి.

గో-లైవ్‌కు (కొత్త సిస్టమ్ వాడకం మొదలయ్యే రోజు) ముందు కనీసం 3 నెలల అంకెలు దాచిపెట్టుకోండి: దరఖాస్తు నుంచి శాంక్షన్ దాకా పట్టే రోజులు, కాగితాలు సరిపోక వెనక్కి వచ్చే ఫైళ్ల శాతం, మనిషికి ఎన్ని ఫైళ్లు. పాత సిస్టమ్ ఆపేశాక ఇవి దొరకవు. మీ బోర్డు ప్రశ్నకు జవాబు లేకపోవడానికి కారణం బహుశా ఇదే. అలాగే కొత్త సిస్టమ్ మీద మొదటి 3, 4 నెలలు పని నెమ్మదిస్తుంది. లాభాన్ని మొదటి నెల నుంచే రాసుకుంటే ఏడాది చివర్లో తల పట్టుకోవాలి.

ఎర్రసిరా

లెక్క బాగుంది. కమిటీల సంగతి చెబుతాను.

ఆస్తులు ₹1,000 కోట్లు దాటాయి కాబట్టి మీరు మిడిల్ లేయర్ (ఎన్‌బీఎఫ్‌సీలకు ఆర్‌బీఐ పెట్టిన అంచెల్లో ఒకటి) కిందికి వస్తారు. ఆర్‌బీఐ 2023 నవంబరు 7న ఇచ్చిన ఐటీ గవర్నెన్స్ మాస్టర్ డైరెక్షన్ 2024 ఏప్రిల్ 1 నుంచి మీకు వర్తిస్తుంది. అందులో రెండు కమిటీలున్నాయి. బోర్డు స్థాయిలో ఐటీ స్ట్రాటజీ కమిటీ: కనీసం ముగ్గురు డైరెక్టర్లు, అధ్యక్షత వహించేది ఇండిపెండెంట్ డైరెక్టర్, ఆ అధ్యక్షులకు ఐటీ వ్యవహారాలు నడిపించిన అనుభవం కనీసం ఏడేళ్లు ఉండాలి. రెండోది సీనియర్ మేనేజ్‌మెంట్‌తో స్టీరింగ్ కమిటీ. రెండూ కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలి. మీ పోస్టులో స్టీరింగ్ కమిటీ ఒక్కటే కనబడింది, మొదటిది ఉందో లేదో చూసుకోండి. ఇంకొకటి, సీఐఎస్‌ఓ (సమాచార భద్రత చూసే అధికారి) ఐటీ హెడ్ కింద ఉండకూడదు, బిజినెస్ టార్గెట్లు ఇవ్వకూడదు. జీతం మిగులుతుందని రెండు కుర్చీల్లో ఒకరినే కూర్చోబెడితే ఇన్‌స్పెక్షన్‌లో దొరికిపోతారు.

ఇక మినిట్స్. నాలుగు క్వార్టర్ల మినిట్స్ తిరగేస్తే ఒక్క ప్రాజెక్టునీ ఆపినట్టు గానీ, వెనక్కి నెట్టినట్టు గానీ, డబ్బు తగ్గించినట్టు గానీ లేకుండా అన్నిచోట్లా "నోటెడ్" అనే ఉందంటే ఆ కమిటీ టీ తాగి లేస్తోందన్నమాట. స్టేటస్ కాగితాలు వారం ముందే పంపేయండి. 90 నిమిషాల మీటింగులో దానికి 15 చాలు. మిగతా సమయం: ఏది ఆపుదాం, ఏది ముందుకు తెద్దాం, పోయిన ఏడాది లైవ్ అయినవాటిలో సంతకం పెట్టిన లాభం వచ్చిందా.

డబ్బు ఒకేసారి వదలకండి. ₹1.6 కోట్లలో ముందు ₹15 లక్షలే ఇచ్చి, 3 బ్రాంచీల్లో ట్రయల్ నడిపి, క్రెడిట్ బ్యూరోతోనూ మీ అకౌంటింగ్ సిస్టమ్‌తోనూ కనెక్షన్ నిజంగా పనిచేస్తోందో చూడండి. లెక్క నిలబడితేనే మిగతాది. వెండర్ కాంట్రాక్టు కూడా ఈ దశల ప్రకారమే రాసుకోవాలి, ఎక్కడ ఆపితే ఎంత కట్టాలో ముందే తేలిపోవాలి. అది లేకుంటే ఆపే అధికారం కాగితం మీదే మిగులుతుంది.

గోదారిగట్టు

ఇద్దరికీ థాంక్సండీ. స్ట్రాటజీ కమిటీ ఉంది, రాయడం మర్చిపోయాను. చిక్కల్లా సంతకం దగ్గరే. "లాభం రాకపోతే నా మెడకు చుడతారు" అని బిజినెస్ హెడ్లు వెనకాడుతున్నారు. అయినా ఫైర్‌వాల్, బ్యాకప్ లాంటివాటికి ఎవరి చేత సంతకం పెట్టించాలి?

పద్దుపుస్తకం

సంతకం లేనిదే డబ్బు లేదని ఎండీ ఒక్క లైన్ సర్క్యులర్ ఇస్తే చాలు. ఒకే అంకెకు బదులు 1,200 నుంచి 1,400 అని రాయించుకోండి, పూచీ కింది అంకెకే అనండి. కింది అంకె దగ్గర లెక్క గిట్టకపోతే ఆ ప్రాజెక్టు ఎందుకో అప్పుడే తేలుతుంది. ఈ నియమం ₹25 లక్షలు దాటినవాటికే పెట్టండి. పెట్టిన మర్నాటి నుంచీ ₹24 లక్షల ప్రాజెక్టులు జంటలుగా పుట్టుకొస్తాయి! ఏడాదిలో ఒకే పనికి ఒకే వెండర్‌కు వెళ్లినవన్నీ కలిపి చూడమని ఫైనాన్స్‌కు చెప్పి ఉంచండి.

పాతసర్వర్

ఫైర్‌వాల్‌కి లాభం లెక్కగట్టించకండి, దొంగ అంకెలు వస్తాయి. బడ్జెట్‌ను మూడుగా విడగొట్టండి: నడపడానికి, వ్యాపారం పెంచడానికి, నిబంధనల వల్లో ముప్పు వల్లో తప్పనిసరైనవి.

నడిపే ఖర్చును లోన్ ఖాతాకు ఎంత అని చూడాలి. మాటవరసకి ₹9 కోట్లలో ₹6.6 కోట్లు దీనికే పోతూ, 1.1 లక్షల ఖాతాలుంటే, ఖాతాకు ₹600. ఖాతాలు పెరిగే కొద్దీ ఇది దిగాలి. దిగట్లేదంటే ఎవరూ వాడని లైసెన్సులు, ఆపని పాత సర్వర్లు, బ్రాంచీలు సొంతంగా కొనుక్కున్న సబ్‌స్క్రిప్షన్లు ఎక్కడో ఉన్నాయి. పెంచే ఖర్చుకు పైన చెప్పిన సంతకం. తప్పనిసరి వాటికి డైరెక్షన్‌లో ఏ క్లాజు, లేదా ఏ ముప్పు ఎంత తగ్గుతుంది అన్నది అడగండి. ఈ అడ్డు లేకపోతే మిగతా రెండింట్లో చెల్లనివన్నీ "కంప్లయన్స్" పేరుతో ఇందులో దూరతాయి.

కోబిట్ 2019లో 40 లక్ష్యాలున్నాయి. అన్నీ ఒకేసారి ఎత్తుకుంటే ఏడాదంతా డాక్యుమెంట్లు రాయడమే అవుతుంది. సంస్థను బట్టి ఎంచుకోవడానికి అందులోనే 11 డిజైన్ ఫ్యాక్టర్లు ఇచ్చారు. మీ ప్రశ్నవరకు ఈడీఎం02 (లాభాలు అందేలా చూడటం), ఏపీవో05 (ఏ ప్రాజెక్టులు ఉండాలో తేల్చడం), ఏపీవో06 (బడ్జెట్, ఖర్చులు), ఏపీవో10 (వెండర్లు) చాలు.

వెండర్ల మాట వచ్చింది కాబట్టి, ఎర్రసిరా గారి దశలకు గో-లైవ్‌ను కూడా కలపండి. బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో కస్టమర్ల ఖాతాలను కొత్త ప్లాట్‌ఫామ్ మీదకు మార్చింది. డేటా సరిగ్గానే చేరింది గానీ ప్లాట్‌ఫామ్ వెంటనే మొరాయించింది. 2022 డిసెంబరులో రెగ్యులేటర్లు బ్యాంకుకు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా వేశారు. 2023లో అప్పటి సీఐఓకు (ఐటీ హెడ్) వ్యక్తిగతంగా 81,620 పౌండ్లు పడింది. ఆ ప్లాట్‌ఫామ్ కట్టి నడిపిన సాబిస్ అదే గ్రూపు సంస్థ. అది నిజంగా సిద్ధంగా ఉందో లేదో ఆయన తగినంత రూఢి చేసుకోలేదన్నది అభియోగం. అందుకే గో-లైవ్ నోట్‌తో పాటు రోజులో ఎక్కువ ఫైళ్లు వచ్చే గంటకు రెట్టింపు లోడ్‌తో చేసిన టెస్ట్ ఫలితం, అదీ ప్రొడక్షన్ సర్వర్ల (అసలు పని నడిచేవి) మీదే చేసింది, అడగండి. పాతదానికి వెనక్కి వెళ్లడానికి ఎన్ని గంటలు పడుతుందో రిహార్సల్ చేసి చూసిన అంకె, ఇంకా తేలని లోపాల జాబితా కూడా కమిటీ బల్ల మీద ఉండాలి.