ఇండియా నంబరు చేజారక ముందే సెక్యూరిటీ కీ పెట్టుకోండి

ప్రశ్న: ఎమ్మెస్ చదువు కోసం గత వారమే డాలస్ వచ్చాను. నా జీమెయిల్ ఓటీపీలన్నీ హైదరాబాద్‌లో తీసుకున్న నంబరుకే వస్తున్నాయి. సెక్యూరిటీ కీ కొనుక్కోమని సీనియర్లు చెబుతున్నారు. అది నిజంగా అవసరమా?

జవాబు: అవసరమేనమ్మా. సెక్యూరిటీ కీ అంటే, లాగిన్ అయ్యేటప్పుడు ఓటీపీకి బదులు ఇది మీరేనని రుజువు చేసే చిన్న పరికరం. అయితే ఒకటి కాదు, రెండు కొనండి.

ముందు ఆ నంబరు సంగతి చెబుతాను. రీచార్జి లేకుండా, వాడకం లేకుండా 90 రోజులు గడిస్తే సిమ్ రద్దు కావచ్చు. కొంతకాలానికి ఆ నంబరును మరొకరికి ఇస్తారు. నేను వచ్చిన ఏడాది నాకు ఇదే జరిగింది. కొత్త లాప్‌టాప్‌లో జీమెయిల్ తెరవబోతే ఓటీపీ ఎవరో తెలియని మనిషి ఫోనుకు వెళ్లింది. ఐ-20 (విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం), అద్దె ఒప్పందం, పాస్‌పోర్టు స్కాన్లు అన్నీ అందులోనే ఉండిపోయి, పదకొండు రోజులు నానా అవస్థ పడ్డాను.

ఓటీపీతో ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. క్యాంపస్ ఉద్యోగం ఇస్తామంటూ నా రూమ్మేటుకు వచ్చిన మెయిల్లోని లింకు తెరిస్తే, యూనివర్సిటీ లాగిన్ పేజీ లోగోతో సహా అచ్చుగుద్దినట్టు కనిపించింది. అతను పాస్‌వర్డ్ కొట్టాడు, ఫోనుకు వచ్చిన ఆరంకెలూ కొట్టాడు. అవతలివాడు ఆ రెండింటినీ అదే నిమిషంలో అసలు పేజీలో వాడుకున్నాడు. కీ ఉండి ఉంటే వాడి ఆట సాగేది కాదు. నమోదు చేసినప్పుడే కీ ఆ సైటు చిరునామాతో ముడిపడుతుంది కనుక, మన కళ్లు మోసపోయినా, ఒక్క అక్షరం తేడా ఉన్న చిరునామాకు అది జవాబివ్వదు. గూగుల్ సంస్థ 2017 నుంచి తన 85,000 మందికి పైగా ఉద్యోగులకు ఈ కీలనే తప్పనిసరి చేసింది. ఆ తర్వాత ఒక్క ఉద్యోగి ఖాతా కూడా పరుల పాలైనట్టు తమ దృష్టికి రాలేదని 2018లో చెప్పింది.

చూడటానికి ఇంటి తాళంచెవి అంతే ఉంటుంది. లాప్‌టాప్‌కు గుచ్చగానే మధ్యలో ఉన్న బిళ్ల మినుకుమినుకుమంటుంది. దాని మీద వేలు ఆనిస్తే చాలు. మామూలు రకం 30 డాలర్లకు అటూ ఇటూగా దొరుకుతుంది. యూఎస్‌బీ-సీ, ఎన్‌ఎఫ్‌సీ రెండూ ఉన్నది తీసుకుంటే ఫోను వెనుక ఆనించి కూడా వాడుకోవచ్చు.

రెండింటినీ ఒకే రోజు కూర్చుని గూగుల్, మైక్రోసాఫ్ట్, గిట్‌హబ్ (ప్రోగ్రాములు దాచుకునే సైటు) ఖాతాల్లో నమోదు చేయండి. రేపు సోషల్ సెక్యూరిటీ ఖాతా కోసం లాగిన్.గవ్ (అమెరికా ప్రభుత్వ సైట్లలోకి వెళ్లే ఉమ్మడి ఖాతా) తెరిచినప్పుడు అక్కడా చేయండి. ఆపిల్ ఖాతాకైతే రెండు కీలు ఉంటే తప్ప ఒప్పుకోదు. ఒకటి తాళాల గుత్తికి తగిలించి, రెండోది గదిలో పాస్‌పోర్టుతో పాటు దాచండి. కీలు అందుబాటులో లేనప్పుడు పనికొచ్చే బ్యాకప్ కోడ్లు కాగితం మీద ముద్రించి పెట్టుకోండి. ఇదంతా అయ్యాక గూగుల్ రెండో అంచె తనిఖీ నుంచి ఫోను నంబరు తీసేయండి. అది అక్కడే ఉంటే వీధి తలుపు గడియ వేసి దొడ్డి తలుపు తెరిచి పెట్టినట్టే. ఈ మార్పులు చేసేటప్పుడు పాత నంబరుకు ఓటీపీ రావచ్చు కనుక, సిమ్ పనిచేస్తుండగానే పూర్తి చేయండి.

మరొకరి జవాబు: పై సలహాకు ఒక్క మాట చేరుస్తాను. ఇండియాలోని మీ బ్యాంకు, ఆధార్ ఓటీపీలు ఇకముందు కూడా ఆ నంబరుకే వస్తాయి, అక్కడ ఈ కీ అక్కరకు రాదు. కాబట్టి జీమెయిల్ నుంచి నంబరు తీసేసినా సిమ్‌ను మాత్రం వదులుకోకండి. గడువు తేదీ మీ నాన్నగారికి చెప్పి రీచార్జి చేయిస్తూ ఉండండి.