నాన్న సంవత్సరీకానికి నాలుగు మాటలు రాయాలి, ఆయన్ని ఎరిగినవాళ్లు చెప్పండి

సోంపేట కుర్రాడు:
అందరికీ నమస్కారం. మాది సోంపేట దగ్గర పల్లె. మా నాన్న వడ్రంగి మేస్త్రి. మోకాళ్లు అరిగిపోయి 2016లో పని మానేశారు, పోయిన కార్తీకంలో కాలం చేశారు. వచ్చే నెల సంవత్సరీకం. భోజనాలకు ముందు ఆయన గురించి చదివే పని అక్క నాకు అప్పగించింది. మూడు రోజులుగా కాగితం పెట్టుకుని కూర్చుంటే 'మంచివాడు, కష్టజీవి' తప్ప ఇంకేమీ రావడం లేదు, అవి ఎవరి గురించైనా చెప్పే మాటలే కదా.

నాకు గుర్తున్నదంతా ఇంట్లో నాన్నే. అమ్మ తెల్లారే జీడిపిక్కల పనికి వెళ్లిపోయేది కాబట్టి చెల్లికి బడికి రెండు జడలు ఆయనే వేసేవారు. ఉలి పట్టి పట్టి గరుకెక్కిన వేళ్లకి జుట్టు చిక్కుకుని అది ఏడిస్తే, చేతులకి కొబ్బరినూనె రాసుకుని మళ్లీ మొదలుపెట్టేవారు. పది అయ్యాక నేను విశాఖ వచ్చేశాను, అందుకే ఆయన పని గురించి నాకు తెలిసింది తక్కువ. ఇంకో మాట, సామాను పెట్టె తెరిస్తే బాడిస, ఉలులు తుప్పు పట్టాయి. ఏం చేయాలి?

కంచిలి మాస్టారు:
బాబూ, తిత్లీ తుఫాను రోజులు రాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, తెల్లారేసరికి మా కొబ్బరిచెట్లు, జీడితోట అన్నీ నేలమీదే. తలుపు రెక్క ఊడి దొడ్లో పడింది. కరెంటు లేదు, పనివాళ్లు దొరకరు. మీ నాన్న కర్ర పోటేసుకుని సంచీతో వచ్చారు, పని మానేసి రెండేళ్లయిన మనిషి. కింద కూర్చోలేక స్టూలు అడిగారు. కూలి ఇవ్వబోతే "ఏటి బాబూ, ఇప్పుడు డబ్బుల మాటేటి, గంజి ఉంటే పొయ్యండి" అన్నారు. మా వీధిలో ఆరిళ్లకు అలాగే చేశారు. నాకు ఇప్పుడు రాస్తుంటే కూడా కళ్లు చెమరుస్తున్నాయి.

చిత్రిక:
నేను ఆయన దగ్గర నాలుగేళ్లు పని నేర్చుకున్నాను అన్నయ్యా. ఆ సామాను అమ్మకండి. కిరసనాయిలు రాసి ఒక రాత్రి వదిలేసి, సన్న ఎమరీ కాగితంతో రుద్ది, తుడిచి, కుట్టుమిషన్ నూనె పల్చగా పట్టించండి. మనది సముద్రపు గాలి, మేకులు తుప్పెక్కి చెక్కని తినేస్తాయని మేస్త్రి గారు వీలున్నచోట ఒక చెక్క కొసని కుసిగా చెక్కి, రెండోదాని బెజ్జంలో బిగించి చెక్క మేకే కొట్టించేవారు. రోజు ఎక్కువ పడుతుంది, కూలి అదే. నేను విసుక్కుంటే కోప్పడేవారు కాదు, నేను బిగించినది విప్పి తనే మళ్లీ చేసేవారు, అదే ఎక్కువ సిగ్గనిపించేది. మంచాలు, పీటలు ఏవి చేసినా అడుగున పెన్సిల్‌తో ఏదో రాసేవారు, చూశారా ఎప్పుడైనా?

ఉద్దానం అమ్మాయి:
ఇది చదివి మా అమ్మ పెళ్లి మంచం ఇద్దరం పట్టి తిరగేశాం. ఉంది! 'పనస, వీళ్ల దొడ్డి చెట్టే, 1994, సగం కూలి'. మిగతా సగం మేస్త్రి మామయ్య గారు ఎప్పుడూ అడగలేదని అమ్మ ఇప్పుడు చెప్పింది. అప్పటి పసుపు చెక్క ఇప్పుడు ఎర్రగా ముదిరింది గానీ ఒక్క కోడు కూడా కదల్లేదు.

సోంపేట కుర్రాడు:
నాకు ఈ సంగతే తెలియదు. రాత్రి బస్సెక్కి ఇంటికి వచ్చేశాను, పొద్దున్నుంచి ఒక్కొక్కటీ తిరగేస్తున్నాను. చాలావాటి మీద అక్షరాలు అరిగిపోయాయి. అమ్మ కొబ్బరి కోరుకునే పీట అడుగున మాత్రం బాగా కనిపిస్తోంది: 'పనస, 1989, ఇంటి మనిషికి'. ముప్పై ఏళ్లకు పైగా దాని మీదే కూర్చుని కోరింది, అమ్మకి చదువు రాదు. చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది.